అద్దెపెట్టె చరిత్ర

రౌటరుకు తెలుగులో కుదురైన పేరు ఇంకా స్థిరపడలేదు. దారి చూపేది కనుక మార్గదర్శి అందామంటే ఆ మాట వేరే అర్థాలలో ఎప్పుడో ఖర్చయిపోయింది. అందుచేత ఈ వ్యాసంలో రౌటరనే అంటున్నాను.

ఇంటర్నెట్టు ఉన్న ఇళ్ళలో చాలావాటికి టీవీ వెనుకనో, గోడ మేకుకో, సేవాసంస్థవారు బిగించి వెళ్ళిన పెట్టె ఒకటి ఉంటుంది. ఇంట్లో ఫోన్లు, టీవీలు, కెమెరాలు పెరిగేకొద్దీ అది ఆయాసపడుతుంది. మనం వెంటనే ఎక్కువ వేగమున్న ప్లానుకు మారతాం. జబ్బు ఒకటి, మందు మరొకటి. ఆ పెట్టె అట్లా ఎందుకు తయారయిందో తెలియాలంటే ముప్ఫై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఇంటర్నెట్టులో ప్రతి యంత్రానికీ ఒక సంఖ్య చిరునామాగా ఉండాలన్నది మొదటి ఏర్పాటు. ఆ సంఖ్య పొడవు 32 బిట్లు. అంటే మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు. అవి చాలవని 1990ల ఆరంభంలోనే తేలిపోయింది. 1994 మే నెలలో కెల్డ్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఒక ఉపాయాన్ని ప్రతిపాదించారు. లోపల ఎన్ని యంత్రాలున్నా బయటికి కొద్ది చిరునామాలే కనిపించాలి. సరిహద్దులో ఉన్న పెట్టె రాకపోకలలో చిరునామాలు మారుస్తూ ఉండాలి. దీనినే నాట్ అంటారు. ఇది తాత్కాలికమేనని, అసలు పరిష్కారం వచ్చేదాకా కాలక్షేపానికేనని వారే రాసుకున్నారు. 1994లోనే లోపలి వాడుకకని కొన్ని సంఖ్యలను విడిగా కేటాయించారు. మన ఇళ్ళలో కనిపించే 192.168తో మొదలయ్యే చిరునామాలు ఆనాటివే. మన దేశంలో తాత్కాలిక రేకుల షెడ్లకు పట్టిన యోగమే దీనికీ పట్టింది: ముప్ఫై ఏళ్ళు దాటినా అలాగే నిలిచి ఉంది.

ఉమ్మడి కుటుంబంలో అందరి ఉత్తరాలూ ఇంటిపెద్ద కేరాఫ్‌తో వచ్చేవి కదా, ఇదీ అంతే. ఏ జవాబు ఎవరికి చెందుతుందో ఇంటిపెద్ద గుర్తు పెట్టుకోవాలి. రౌటరు అందుకోసం ఒక చిట్టా రాస్తుంది. చిట్టాకు పుటలు పరిమితం. చిక్కంతా అక్కడ మొదలయింది.

2002 చివర అమెరికాలో లింక్‌సిస్ సంస్థ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే నీలం, నలుపు రంగుల పెట్టెను విడుదల చేసింది. జ్ఞాపకం 16 మెగాబైట్లు, శాశ్వత నిల్వ 4 మెగాబైట్లు. దాని లోపల ఉన్నది లినక్సు అని 2003లో కొందరు ఔత్సాహికులు పసిగట్టారు. లినక్సు లైసెన్సు ప్రకారం మూలపాఠాన్ని బయటపెట్టక తప్పదని పట్టుబట్టారు. సంస్థ ఆ ఏడాదే బయటపెట్టింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మొదలయింది. కొన్న పెట్టెలో ఏం నడవాలో కొన్నవాడే నిర్ణయించుకోవడం అప్పటినుంచి సామాన్యునికి అందుబాటులోకి వచ్చింది.

ఆ మూలపాఠం చూసిన తరువాత పాత రోగం ఒకటి అర్థమయింది. నడుస్తున్న ఒక సంభాషణ అర్ధాంతరంగా తెగిపోతే, దాని పద్దును చిట్టాలో ఎంతకాలం ఉంచాలి? లినక్సులో సహజంగా ఉన్న గడువు 432000 సెకన్లు, అంటే అక్షరాలా 5 రోజులు. బిట్‌టొరెంటు వాడే ఒక్క కంప్యూటరు వందల సంభాషణలు తెరిచేది. ముగిసిపోయిన వాటి పద్దులతో పుటలు నిండిపోయేవి. కొత్తవారికి చోటుండేది కాదు. ఇంట్లో వాళ్ళకు మాత్రం "నెట్టు పోయింది". స్విచ్చి ఆపి మళ్ళీ వేస్తే చిట్టా చెరిగిపోయి, అంతా సుభిక్షం! కాల్‌సెంటరువారు ఈనాటికీ చెప్పే ఆ చిట్కావైద్యంలో ఇంత శాస్త్రం దాగి ఉంది. లోపం ఎక్కడో తెలిశాక తయారీదారు ఏం చేశాడు? 2005లో వచ్చిన రూపాంతరంలో జ్ఞాపకాన్ని సగానికి సగం తగ్గించాడు. పాతదానివంటి లినక్సు పెట్టెను వేరే పేరుతో విడిగా అమ్మాడు.

ఇది జ్ఞాపకం చాలని రోగం. తరువాత వచ్చినది సరిగ్గా దీనికి విరుద్ధం. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేదీ అదే.

1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ, సుమారు 400 గజాల దూరంలోని విశ్వవిద్యాలయానికీ మధ్య జాలం స్తంభించింది. సెకనుకు 32000 బిట్ల వేగం 40 బిట్లకు పడిపోయింది. వాన్ జేకబ్సన్ కారణాలు వెతికి, 1988లో ప్రకటించిన విధానం స్థూలంగా ఇది: దారిలో పొట్లం పోయిందంటే రద్దీ ఉన్నట్టు; పంపేవాడు తగ్గాలి. అంటే పొట్లం పోవడం నష్టం మాత్రమే కాదు, సమాచారం కూడా. ఇంటర్నెట్టు కుప్పకూలకుండా నిలిచింది ఈ సూత్రం మీదనే.

ఆ తరువాత జ్ఞాపకం చవక అయింది. పొట్లం పోవడం పాపమనుకున్న తయారీదారులు మోడెములలో, రౌటర్లలో పెద్ద పెద్ద వరుసలు పెట్టారు. ఏదీ పోదు, కాబట్టి పంపేవాడికి కబురూ అందదు. వాడు పంపుతూనే ఉంటాడు, వరుస పెరుగుతూనే ఉంటుంది. తిరుమలలో కంపార్టుమెంట్లు ఎన్ని కట్టినా దర్శనం వేగం పెరగదు, నిరీక్షణ మాత్రం పెరుగుతుంది. 2010లో జిమ్ గెటిస్ తన ఇంటి నుంచి పెద్ద ఫైళ్ళు పంపుతూ ఈ సంగతి గమనించాడు. ఎక్స్ విండో వ్యవస్థ నిర్మాతలలో ఒకడాయన. మిల్లీసెకన్లలో రావలసిన జవాబు సెకను దాటి వచ్చేది. ఈ జబ్బుకు ఆయన పెట్టిన పేరు బఫర్‌బ్లోట్. వరుసకు పట్టిన ఉబ్బు అనుకోవచ్చు.

మందు 2012లో వచ్చింది. కనిపెట్టినవారు కేథలీన్ నికల్స్, మళ్ళీ ఆ వాన్ జేకబ్సనే. వరుస ఎంత పొడవుందని చూడకు, ఒక్కొక్క పొట్లం ఎంతసేపు నిలబడిందో చూడు అన్నారు. కనీస నిరీక్షణ 5 మిల్లీసెకన్లకు పైన 100 మిల్లీసెకన్లపాటు నిలిచిపోతే ఒక పొట్లాన్ని కావాలని పడేస్తారు. కబురు అందుతుంది. ఆ ఏడాదే ఎరిక్ డ్యూమజే దీనికి ఒక్కొక్క సంభాషణకు వేరే వరుస అనే ఏర్పాటు చేర్చి లినక్సులో పెట్టాడు. కొడుకు సినిమా దిగుమతి చేసుకుంటున్నా తల్లి వీడియో కాల్ తెగకుండా ఉండేది దీనివల్లనే. 2025లో మరణించిన డేవ్ టాట్ తన చివరి దశాబ్దాన్ని చాలావరకు దీని ప్రచారానికే ధారపోశాడు.

మరి ఈ మందు మన ఇంటి పెట్టెకు ఎందుకు అందలేదు? దానిని కొన్నది మనం కాదు గనుక. లక్షల సంఖ్యలో కొనే సంస్థ ఒక్కొక్క దానిమీద మిగిలే పది రూపాయలు చూస్తుంది, ఆ ఇంట్లో ఇరవై పరికరాలుంటాయా అని చూడదు. జర్మనీలో ఇది హక్కుల వివాదం దాకా వెళ్ళింది. సంస్థ ఇచ్చిన పెట్టెనే వాడాలన్న నిర్బంధాన్ని అక్కడ 2016 ఆగస్టు 1 నుంచి చట్టం రద్దు చేసింది. అదే ఏడాది నవంబరులో ఒక్క దాడికి డాయిష్ టెలికామ్ వినియోగదారుల రౌటర్లు సుమారు 9 లక్షలు మూగపోయాయి. ఇళ్ళన్నిటా ఒకే రకం పెట్టెలుంటే జరిగేది ఇదే.

మన దగ్గర కథ ఆలస్యంగా మొదలయింది. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లుంటే బ్రాడ్‌బ్యాండే. ఇళ్ళలో వైఫైకి కావలసిన 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు లైసెన్సు అక్కరలేదని 2005 జనవరిలో ప్రకటించారు. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ టీవీ, ఫోను, ఇంటర్నెట్టు మూడింటినీ ఒకే తీగలో ఊళ్ళకు తెచ్చింది. గాజుతీగ వచ్చాక పెట్టె మార్చడం మరికాస్త కష్టమయింది. తీగ చివరి యంత్రం సంఖ్య సంస్థ దగ్గర నమోదై ఉంటుంది. దాన్ని పీకి వేరేది పెడితే పలకదు. దానిని బ్రిడ్జ్ మోడులో పెట్టమని అడిగి, వెనుక సొంత రౌటరు తగిలించి, సంస్థ ఇచ్చిన పేరు, సంకేతపదం అందులో నమోదు చేసుకోవాలి. ఊరికే వెనుక తగిలిస్తే రెండు చిట్టాలు నడుస్తాయి. సొంత రౌటరులో వేగపరిమితిని లైను వేగంకన్నా కొద్దిగా తక్కువ పెట్టుకోవడం మరవకూడదు. లేకపోతే వరుస మళ్ళీ పాత పెట్టెలోనే కడుతుంది.

డబ్బు పెట్టేముందు చిన్న పరీక్ష ఉంది. తీగతో కలిపిన కంప్యూటరు నుంచి పెద్ద ఫైలొకటి పైకి పంపుతూ, పక్కన పింగ్ నడపండి. 20 మిల్లీసెకన్లుండేది 800 అయితే దోషం వరుసది. కదలకుండా 20లోనే ఉంటే పెట్టె నిర్దోషి. గోడలు, పక్కింటి వైఫై సంగతి చూసుకోవాలి.