పంట చూసి ఇచ్చిన కార్డు, పేస్లిప్పు అడిగే కార్డు: సంపాదన లేని విద్యార్థికి అప్పు ఎలా పుట్టింది?

ఈ ఎపిసోడ్‌లో అప్పు చరిత్ర చెప్పుకుందాం. మరీ అంత పెద్ద చరిత్ర కాదులెండి, ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేది. చేతిలో సరైన సంపాదన లేని కాలేజీ కుర్రాడికి క్రెడిట్ కార్డు ఇస్తున్నారు కదా, దేన్ని చూసి ఇస్తున్నారు?

మాట్లాడుకోవడానికి వీలుగా అనకాపల్లి జిల్లా రావికమతం తీసుకుందాం. ఒకవైపు నర్సీపట్నం, ఇంకోవైపు చోడవరం. మండలంలోనే కల్యాణపులోవ జలాశయం. చెరుకు, వరి పండే నేల. ఇంటర్ అయ్యాక పిల్లలు నర్సీపట్నమో, అనకాపల్లో, విశాఖపట్నమో వెళ్లి చదువుకుంటారు. అలాంటి ఒక డిగ్రీ కుర్రాడిని ఊహించుకోండి. ఇంటి నుంచి వచ్చే డబ్బు, సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుంటే వచ్చే నాలుగైదు వేలు, అంతే అతని ఆదాయం. ఒకరోజు ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీకు క్రెడిట్ కార్డు మంజూరైందని. కుర్రాడికి సంతోషం. నన్నూ ఒక మనిషిగా గుర్తించారనుకున్నాడు. అసలు గుర్తించింది దేన్ని? అది తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

మనవాళ్లు అప్పు "దొరికింది" అనరు, "పుట్టింది" అంటారు. ఊళ్లో ఎవరికి అప్పు పుడుతుంది, ఎవరికి పుట్టదు అన్నది అందరికీ తెలిసిన లెక్క. షావుకారు పేస్లిప్పు అడగడు. నీ పొలం ఎక్కడుందో, నీళ్లు అందుతాయో లేదో, మీ నాన్న మాట మీద నిలబడే మనిషో కాదో అతనికి తెలుసు. అనకాపల్లి బెల్లం మార్కెట్టే చూడండి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. అక్కడి కమీషన్ వ్యాపారులు రైతుకి ముందే పెట్టుబడి ఇస్తారు. బెల్లం వండాక దిమ్మలు ఆ కొట్టుకే రావాలి. అంటే హామీ ఏంటి? ఇంకా నరకని చెరుకు!

రాతపూర్వకంగా కావాలంటే ప్రామిసరీ నోటు. దీనికి చట్టం 1881లో వచ్చింది. నోటుకి మూడేళ్ల గడువు. అందుకే మూడేళ్లు నిండేలోగా కొంత జమ వేయించుకోవడమో, నోటు తిరగరాయించుకోవడమో చేస్తారు. ఈ తిరగరాసే నోటు ఎన్ని ఇళ్లను తిప్పలు పెట్టిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మరి ఆ రోజుల్లో చదువుకునే పిల్లవాడికి అప్పు పుట్టేదా? చాలావరకు లేదు. అతని పేరు మీద ఏముంది కనక? దాని బదులు వేరే ఏర్పాటు ఉండేది, వారాలు చేసుకోవడం. పేద విద్యార్థి సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో అన్నం తిని చదువుకునేవాడు. తిరిగి కట్టాల్సిన పని లేదు, వడ్డీ లేదు. కానీ కులం చూసేవాళ్లు, ఇంటిపేరు చూసేవాళ్లు, అడుగుతున్నందుకు తల దించుకోవాల్సి వచ్చేది. అందరికీ ఆ తలుపులు తెరుచుకోలేదు. అందుకే పాతకాలం బంగారం అని నేననను. అప్పుడు కూడా "నీ వెనకాల ఎవరున్నారు?" అనే అడిగారు.

ఈ పద్ధతిని మార్చాలని రకరకాల ప్రయత్నాలు జరిగాయి. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1969 జులై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేశారు. ఆ తర్వాతే బ్యాంకు మెల్లగా పల్లె వైపు నడిచింది. బ్యాంకు వచ్చాక ప్రశ్న మారిందా? మాట మారింది. "నీ వెనకాల ఎవరున్నారు?" అన్నది "జామీను ఎవరు?" అయింది.

సరే, కార్డు ఎక్కడ పుట్టింది? న్యూయార్క్‌లో. 1950లో డైనర్స్ క్లబ్ మొదలైంది. హోటల్లో తిని సంతకం పెట్టి, నెలాఖరున మొత్తం కట్టేయాలి. అది డబ్బున్నవాళ్ల సౌకర్యం. అసలు మలుపు 1958 సెప్టెంబరులో వచ్చింది. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో అనే ఊరు. బ్యాంక్ ఆఫ్ అమెరికా అక్కడి జనానికి సుమారు 60 వేల కార్డులు పోస్టులో పంపేసింది. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు, ఎవరూ అడగలేదు. నెలనెలా కొంచెం కొంచెం కట్టుకోవచ్చు, మిగిలినదానికి వడ్డీ. కట్టనివాళ్లు నూటికి నలుగురుంటారని అనుకున్నారు. తీరా చూస్తే ఇరవై మంది దాటారు. అయినా వ్యాపారం ఆగలేదు, ఎందుకంటే కొంచెం కొంచెం కట్టేవాడి దగ్గరే లాభం ఉందని తెలిసిపోయింది. అడగకుండా కార్డులు పంపడాన్ని అమెరికా 1970లో చట్టం చేసి ఆపింది.

మన దేశానికి కార్డు 1980, 81 ప్రాంతంలో వచ్చింది. తెచ్చినవాళ్లలో సెంట్రల్ బ్యాంకుతో పాటు మన ఆంధ్రా బ్యాంకు ఉంది, 1981లో. బందరులో పుట్టిన బ్యాంకు దేశంలో క్రెడిట్ కార్డుకి దారి వేసినవాళ్లలో ఒకటి అన్నమాట. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, పేరు కూడా బోర్డు మీద నుంచి పోయింది. కానీ ఆ కార్డు ఎవరి కోసం? నెల జీతం ఉన్నవాడి కోసం. ఒకటో తారీఖు జీతం, ఆ తర్వాత బిల్లు. కార్డు క్యాలెండరంతా ఉద్యోగి క్యాలెండరే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. రావికమతం లాంటి చోట చాలా ఇళ్లలోకి "క్రెడిట్ కార్డు" అనే మాట వచ్చింది ప్లాస్టిక్ కార్డుతో కాదు, కిసాన్ క్రెడిట్ కార్డుతో. అది 1998లో మొదలైంది. పాస్‌బుక్కు లాంటి కార్డు. నీ భూమి ఎంత, ఏ పంట వేశావు, ఎకరానికి ఎంత ఖర్చవుతుంది అని లెక్కగట్టి పరిమితి పెడతారు. కట్టాల్సింది పంట కోసి అమ్ముకున్నాక. చెరుకు లాంటి దీర్ఘకాలిక పంటకైతే ఇంకా ఎక్కువ గడువు. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ ఏడాదికి 7 శాతం. గడువులోగా కట్టేస్తే రాయితీ పోను 4 శాతమే పడుతుంది.

ఇప్పుడు కొడుకు కార్డు చూడండి. వడ్డీ సుమారు మూడున్నర శాతం. "అబ్బే, నాన్న దానికన్నా తక్కువేగా!" అనుకోకండి. నాన్నది ఏడాదికి, కొడుకుది నెలకి. ఏడాదికి లెక్కేస్తే 42 శాతం. ఒకే ఇల్లు, రెండు కార్డులు, రెండింటి పేరూ క్రెడిట్ కార్డే. ఒకటి పంట క్యాలెండరు మీద నడుస్తుంది, రెండోది జీతం క్యాలెండరు మీద. కొడుక్కి జీతం లేదు, అతని డబ్బులు కూడా నాన్న పంట మీదే రావాలి. చెరుకు డబ్బులు చేతికొచ్చేసరికి నెలలు పడతాయి. బిల్లు మాత్రం నెలకోసారి వచ్చి కూర్చుంటుంది. నా ఉద్దేశంలో చిక్కంతా ఇక్కడే ఉంది. పిల్లలు దుబారా చేస్తారు అని తేలిగ్గా అనేస్తాం. ఆ మాటతో ఈ రెండు క్యాలెండర్ల గొడవ కనపడకుండా పోతుంది.

మళ్లీ చరిత్రలోకి వద్దాం. 2000లో సిబిల్ వచ్చింది. షావుకారి బుర్రలో ఉండే లెక్కని ఇప్పుడు కంప్యూటర్లో పెట్టారు. 300 నుంచి 900 దాకా ఒక అంకె. ఎప్పుడూ అప్పు చేయనివాడికి ఆ అంకే ఉండదు. చరిత్ర లేదు కాబట్టి కార్డు రాదు, కార్డు లేదు కాబట్టి చరిత్ర రాదు. అమెరికా వెళ్లిన మన తెలుగు పిల్లలు మొదటి నెలలోనే ఈ గోడకి కొట్టుకుంటారు. ఇక్కడి స్కోరు అక్కడ పనికిరాదు. కొంత డబ్బు డిపాజిట్ పెట్టి కార్డు తీసుకుని, అ ఆల దగ్గర నుంచి మొదలుపెడతారు.

ఆ అమెరికాలోనే ఒకప్పుడు కాలేజీల ముందు బల్లలు వేసుకుని, టీషర్టు ఇస్తాం సంతకం పెట్టు అని విద్యార్థులకి కార్డులు అంటగట్టారు. పిల్లలు అప్పుల్లో కూరుకుపోయాక 2009లో చట్టం వచ్చింది. 21 ఏళ్లు నిండనివాళ్లు సొంతంగా కట్టగలిగే ఆదాయమైనా చూపించాలి, హామీ సంతకమైనా తేవాలి. కాలేజీ ఆవరణలోనూ చుట్టుపక్కలా తాయిలాలు ఇచ్చి కార్డులు అమ్మకూడదు.

మన దగ్గర బల్ల వేయాల్సిన పని లేకపోయింది, ఫోనే బల్ల అయింది. 2016 ప్రాంతంలో బెంగళూరులో కొన్ని కంపెనీలు నేరుగా కాలేజీ విద్యార్థులకే వాయిదాల అప్పులు మొదలుపెట్టాయి. ఆ తర్వాత యాప్‌ల వరద. వాటిలో దొంగ యాప్‌లు కొన్ని పేస్లిప్పూ అడగలేదు, పొలమూ అడగలేదు. ఫోన్‌లో ఉన్న నంబర్లు అడిగాయి. కట్టకపోతే అమ్మకి, మాస్టారికి, స్నేహితులకి ఫోన్లు. 2020 చివర్లో తెలంగాణలో ఆత్మహత్యలు జరిగాక, హైదరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశాకే దేశం అటు చూసింది. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది, అప్పిచ్చే యాప్ ఫోన్‌లోని కాంటాక్టుల్ని ముట్టుకోకూడదని. ఆలోచించండి. పొలం తాకట్టు పెట్టుకున్నవాణ్ణి చూశాం, బంగారం పెట్టుకున్నవాణ్ణి చూశాం. వీళ్లు తాకట్టు పెట్టించుకున్నది పరువుని.

మరి ఇవాళ సంపాదన లేని విద్యార్థికి సక్రమంగా కార్డు ఎలా వస్తుంది? ముందు 18 ఏళ్లు నిండాలి. ఆ పైన ప్రధానంగా రెండు దారులు. ఒకటి, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే దాన్ని హామీగా ఉంచుకుని, ఆ మొత్తానికి కాస్త తక్కువగా పరిమితి పెట్టి ఇస్తారు. రెండు, అమ్మదో నాన్నదో కార్డు ఉంటే దాని మీద ఇంకో కార్డు. దానికి బాధ్యత పూర్తిగా అసలు కార్డు ఉన్నవాళ్లదే. అడగని కార్డు పంపడాన్ని రిజర్వు బ్యాంకు నిషేధించింది. అడగకుండా ఇచ్చి, మీ అంగీకారం లేకుండానే చార్జీలు వేస్తే అవి వెనక్కి ఇవ్వడమే కాదు, దానికి రెట్టింపు జరిమానా కూడా ఇవ్వాలి.

వడ్డీకి మాత్రం అలాంటి కట్టడి లేదు. 30 శాతం దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. ఆ తీర్పుని 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి లెక్క మనమే వేసుకోవాలి.

వేద్దాం. 20 వేలు బాకీ. కనీసం 5 శాతం కట్టమంటారు, అంటే వెయ్యి. నెల వడ్డీ మూడున్నర శాతం చొప్పున 700. దాని మీద 18 శాతం జీఎస్టీ 126. మొత్తం 826. మీరు కట్టిన వెయ్యిలో అసలుకి చేరింది 174 రూపాయలు! పైగా బాకీ మిగిలి ఉండగా కొత్తగా ఏం కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ. నోటు తిరగరాసే షావుకారు మూడేళ్లకోసారి వచ్చేవాడు. ఈ నోటు ప్రతి నెలా దానంతటదే తిరగరాసుకుంటుంది.

ఇంకో మార్పు కూడా చెప్పాలి. ఒకప్పుడు కార్డు ఉన్నా రావికమతంలో గీకే మిషను ఎక్కడుంది? 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకోవచ్చు. కిరాణా కొట్టు గోడ మీద "అప్పు రేపు" అని బోర్డు, దాని పక్కనే క్యూఆర్ స్టిక్కరు. కొట్టువాడు అప్పివ్వడు, స్టిక్కరు ఇస్తుంది. కొట్టువాడికి నీ మొహం తెలుసు కాబట్టి ఎంత దాకా ఇవ్వాలో తెలుసు. స్టిక్కరుకి ఆ మొహమాటం లేదు.

కార్డు వద్దని నేను చెప్పడం లేదు. డిపాజిట్ మీద తీసుకుని, నెలకి చిన్న ఖర్చు చేసి, మొత్తం బిల్లు గడువులోగా కట్టేసే విద్యార్థికి అది రేపటి చదువు అప్పుకో, ఇంటి అప్పుకో పనికొచ్చే చరిత్ర. కాకపోతే "మంజూరైంది" అన్న మాటని మెచ్చుకోలు అనుకోవద్దు. ఇచ్చేవాడు ఎప్పుడూ ఏదో ఒకటి చూసే ఇచ్చాడు. చెరుకు చూశాడు, జామీను చూశాడు, పేస్లిప్పు చూశాడు, ఫోన్లో నంబర్లు చూశాడు. సంపాదన లేని నిన్ను చూసి ఇస్తున్నాడంటే, నీ దగ్గర దేన్ని చూశాడో సంతకానికి ముందే అడుగు. రెండో ప్రశ్న, బిల్లు వచ్చే తారీఖుకి నా చేతికి డబ్బు వచ్చే తారీఖు కలుస్తుందా? కలవకపోతే, ఆ కార్డు ఎంత మంచిదైనా నీ క్యాలెండరుకి చేసింది కాదు.

మీ ఇళ్లల్లో పాత ప్రామిసరీ నోట్లు, సహకార సంఘం పాస్‌బుక్కులు ఉంటే పారేయకండి, పిల్లలకి చూపించండి. అవి కూడా చరిత్రే.