మీటకు భాష రాదు

టాబ్లెట్‌కు బ్లూటూత్ కీబోర్డు జతచేసి చైనీస్ రాసేవాళ్ళను చూస్తే వింతగా ఉంటుంది. మీటల మీద ఇంగ్లీషు అక్షరాలు, తెర మీద చైనీస్ లిపి. నిజానికి ఆ కీబోర్డుకు ఏ భాషా రాదు. ఫలానా మీట నొక్కారన్న కబురు మాత్రం పంపుతుంది; దాన్ని ఏ భాషగా చదవాలో టాబ్లెట్ చూసుకుంటుంది.

కంప్యూటర్లు రాకముందు సంగతి వేరు. షాంఘైలోని ప్రచురణ సంస్థ కమర్షియల్ ప్రెస్ ఒకప్పుడు అమ్మిన చైనీస్ టైపురైటరుకు అక్షరాల మీటలే లేవు. పళ్ళెంలో పరిచిన సుమారు 2,500 అచ్చుదిమ్మెల్లో కావలసినదాన్ని వెతికి పట్టుకోవాలి.

రచయిత లిన్ యుటాంగ్ 1947లో అమెరికాలో చూపించిన 'మింగ్‌క్వాయ్' యంత్రానికి 72 మీటలు. ఒక మీట అక్షరం పైభాగానికి, మరొకటి కిందిభాగానికి. రెండూ నొక్కితే చిన్న కిటికీలో ఎనిమిది దాకా అక్షరాలు కనిపిస్తాయి; అంకె మీటతో ఒకటి ఎంచుకుంటే అచ్చు పడుతుంది. మీట పని అక్షరాన్ని కొట్టడం కాదు, వెతికిపెట్టడం అన్న ఈ ఊహే నా దృష్టిలో అసలు మలుపు. పాపం, టైపురైటర్లు తయారుచేసే రెమింగ్టన్ సంస్థవాళ్ళ ముందు లిన్ కూతురు మీట నొక్కితే యంత్రం ఉలకలేదు, పలకలేదు. లిన్ అప్పులపాలయ్యాడు. దశాబ్దాలు జాడలేని ఆ ఒకే ఒక్క నమూనా న్యూయార్క్‌లో ఒక ఇంటి నేలమాళిగలో దొరికి, 2025లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చేరింది.

కంప్యూటర్లొచ్చాక అక్షరాన్ని ముక్కలుగా విడదీసే పద్ధతులు వచ్చాయి: తైవాన్‌లో 1976లో చాంగ్‌జియె, చైనాలో 1983లో వుబి. వేగం బాగానే ఉంది కానీ నేర్చుకోవడం కష్టం. చివరికి జనం చేతికి అలవాటైంది పిన్‌యిన్. చైనీస్ ఉచ్చారణను రోమన్ అక్షరాల్లో రాసే ఈ పద్ధతిని 1958లో ఆమోదించింది టైపింగ్ కోసం కాదు, చదువు నేర్పడానికి. బళ్ళో వచ్చిన విద్యే కీబోర్డు మీదా పనికొచ్చింది. ఒకే పలుకుకు పదుల అక్షరాలుంటాయి గనుక తెరమీద జాబితా తప్పదు. ఐప్యాడ్‌కు బయటి కీబోర్డు తగిలించినా అంతే: పలుకు కొట్టి, అంకెతో అక్షరం ఎంచుకోవాలి.

మనకు అన్ని అక్షరాల బెడద లేదు. భారతీయ భాషల కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు 'క' ఉన్న మీట మీదే హిందీ 'క' కూడా ఉంటుంది. 'లేఖిని' అనే టైపింగ్ సాధనంలోనైతే తెలుగు పలుకును ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు పడుతుంది. కాబట్టి కొత్త కీబోర్డు మీద తెలుగు అక్షరాలు లేవని వెనక్కి తగ్గకండి. టాబ్లెట్ సెట్టింగుల్లో తెలుగు ఉందో లేదో చూసుకోండి.