వీర్యం, పుంస్త్వం, సంతానం: తెలుగు వైద్యపరిభాషలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పురుషుని లైంగిక సామర్థ్యం, దేహబలం, సంతానశక్తి అనే మూడు వేరువేరు విషయాలను తెలుగు వాడుక తరచుగా ఒకే మాటలో కలిపివేస్తుంది. ఈ కలయిక చరిత్రను ఇతిహాస కథలు, ఆయుర్వేద గ్రంథాలు, ముద్రణయుగపు ప్రకటనలు, ఆధునిక వైద్యం అనే క్రమంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యువకులలో టెస్టోస్టిరాన్ లోపానికి సంతానశక్తిని కాపాడే చికిత్స ఎంచుకోవడంలో పరిభాష స్పష్టత ఎందుకు అవసరమో నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: వీర్యం, క్లైబ్యం, వాజీకరణం, బీజోపఘాతం, టెస్టోస్టిరాన్, పరిభాష.

ఉపోద్ఘాతం

మెదక్ జిల్లా శివ్వంపేట ప్రాంతపు వాడుకలో పిల్లలు కలగని స్త్రీని 'గొడ్రాలు' అంటారు. పిల్లలు కలగని పురుషునికి అటువంటి ప్రత్యేకమైన మాట ఈ వ్యాసకర్త విన్న వాడుకలో లేదు. ఉన్నదల్లా 'మొగతనం లేనోడు' వంటి నింద. ఆ నింద లైంగిక సామర్థ్యాన్ని శంకిస్తుందే తప్ప సంతానశక్తిని వేరుగా సూచించదు. దీనివల్ల రెండు అనర్థాలు కలుగుతున్నాయి. సామర్థ్యం ఉన్న పురుషునిలో లోపం ఉండదని నమ్మి పరీక్షల భారమంతా భార్యపై వేయడం మొదటిది. 'మొగతనం' పెంచే మందు పిల్లలనూ ఇస్తుందని నమ్మడం రెండవది. రెండవ నమ్మకం నేటి యువకులకు మరింత ప్రమాదకరం. వ్యాయామశాలల్లోనో, సరైన పరీక్షలు లేకుండానో తీసుకున్న టెస్టోస్టిరాన్ సూది శుక్రకణాల ఉత్పత్తిని అణచివేయగలదు. అంటే సంతానం కోరి వేయించుకున్న సూదే సంతానానికి అడ్డు కాగలదు. ఈ వైద్యసత్యం వినేవారికి విరోధాభాసలా తోచడానికి కారణం మన మాటలలోనే ఉంది.

'వీర్యం' అర్థవిస్తృతి

'వీర్యం' శబ్దానికి పరాక్రమం, ఔషధశక్తి, శుక్రం అనే మూడు అర్థాలూ తెలుగులో స్థిరపడ్డాయి. శూరత్వాన్నీ బీజాన్నీ ఒకే మాట చెప్పినప్పుడు బీజం లోపించినవాడు శూరుడు కాడన్న భావన సులభంగా అల్లుకుంటుంది. అయితే మన ఇతిహాస కథలు ఈ భావనను సమర్థించవు. నన్నయ ఆదిపర్వ కథలో విచిత్రవీర్యుడు పేరులోనే వీర్యం ఉన్నవాడు. ఇద్దరు భార్యలు ఉండి కూడా క్షయవ్యాధితో సంతానం లేకుండా మరణించాడు. పాండురాజు దిగ్విజయం చేసిన వీరుడు. కిందముని శాపం వల్ల భార్యలను చేరలేక, దేవతల అనుగ్రహంతో సంతానం పొందమని కుంతిని కోరాడు. అతని శౌర్యాన్ని కావ్యం ఎక్కడా శంకించలేదు. తిక్కన విరాటపర్వంలో అర్జునుడు బృహన్నలగా పేడి రూపంలో ఏడాది గడిపాడు. ఆ పర్వం ముగిసేది అతని కుమారుడు అభిమన్యుని వివాహంతోనే. శౌర్యం, బాహ్యరూపం, సంతానం ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉండవన్న ఎరుక ఈ కథలలో ఉంది.

ఆయుర్వేదంలోని విభజన

ఆయుర్వేదపు ఎనిమిది అంగాలలో వాజీకరణం ఒకటి. చరకసంహిత చికిత్సాస్థానం రెండవ అధ్యాయం దీనికే కేటాయించబడింది. దాని లక్ష్యాలలో సంతానం ప్రధానమైనది. సంతానం లేని పురుషుని నీడనివ్వని ఒంటికొమ్మ చెట్టుతో ఆ గ్రంథం పోల్చింది. మన పరిశీలనకు అంతకంటే ముఖ్యమైనది అదే స్థానంలోని ముప్ఫయ్యవ అధ్యాయం. అక్కడ క్లైబ్యం నాలుగు విధాలుగా విభజింపబడింది: బీజం దెబ్బతినడం వల్ల కలిగేది, ధ్వజభంగం వల్ల కలిగేది, వార్ధక్యం వల్ల కలిగేది, శుక్రక్షయం వల్ల కలిగేది. బీజోపఘాతాన్ని ధ్వజభంగం నుంచి వేరుచేయడం గమనించదగింది. వాడుకభాష నేటికీ చేయని విభజనను శాస్త్రం ఏనాడో చేసింది.

అయితే శుక్రధాతువు దేహమంతటా వ్యాపించి ఉంటుందన్న సిద్ధాంతం కూడా ఆయుర్వేదంలోనే ఉంది. దాని ప్రకారం బలానికీ సంతానానికీ ఆధారం ఒకే ధాతువు. శాస్త్రంలో విభజన, సిద్ధాంతంలో ఏకత్వం అనే ఈ రెండింటిలో జనంలోకి ఎక్కువగా వెళ్ళింది ఏకత్వమే. సంస్కృత శ్లోకాలకు తెలుగు తాత్పర్యాన్ని జోడించిన 'బసవరాజీయం' వంటి గ్రంథాలు వైద్యజ్ఞానాన్ని తెలుగు వైద్యులకు చేరువ చేశాయి. కానీ ఇంటింటికీ చేరినవి క్లైబ్య భేదాలు కావు, లేహ్యాల పేర్లు.

ముద్రణయుగం, చట్టం

ముద్రణ విస్తరించాక ఔషధ ప్రకటనలు ఈ కలయికను మరింత బలపరిచాయి. 'ధాతుపుష్టి', 'వీర్యవృద్ధి', 'నరాల బలహీనత' అనే మాటలు నీరసం మొదలుకొని సంతానహీనత వరకు అన్నింటికీ ఒకే మందును సూచించాయి. రోడ్డుపక్క గోడలపై నేటికీ కనిపించే రాతలు ఆ సంప్రదాయానికి కొనసాగింపే. ఇటువంటి ప్రకటనలను అదుపుచేయడానికి 1954లో ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం వచ్చింది. దాని అనుబంధంలోని వ్యాధుల జాబితాలో లైంగిక అసమర్థత ఉంది, స్త్రీల వంధ్యత్వం ఉంది. పురుషుల సంతానహీనతకు ప్రత్యేకమైన పేరు లేదు. 'గొడ్రాలు' ఉండి దానికి పురుషవాచకం లేని వాడుకకూ, ఈ జాబితాకూ ఉన్న పోలిక కాకతాళీయం అనిపించదు. కాలక్రమంలో స్వాతి వారపత్రికలో డాక్టర్ జి. సమరం నిర్వహించిన ప్రశ్నోత్తరాల వంటి శీర్షికలు ఈ విషయాలను సిగ్గు విడిచి మాట్లాడుకోదగినవిగా చేశాయి. ముద్రణయుగం చేసిన మేలుగా దీనిని గుర్తించాలి.

ఆధునిక వైద్యం: ఒక అవయవం, రెండు పనులు

1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే శాస్త్రవేత్త డెబ్బై రెండేళ్ళ వయసులో జంతువృషణాల సారాన్ని తన దేహంలోకి ఎక్కించుకుని యౌవనం తిరిగివచ్చిందని ప్రకటించాడు. ఇది వాజీకరణ భావనకు పాశ్చాత్య ప్రతిరూపం. 1935లో ఎర్నెస్ట్ లాకర్ బృందం ఎద్దు వృషణాల నుంచి టెస్టోస్టిరాన్‌ను వేరుచేసింది. అదే ఏడాది బ్యూటెనాంట్, రుజీచ్కా దానిని కృత్రిమంగా తయారుచేశారు. ఈ ఇద్దరికీ 1939 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

వృషణాలు రెండు పనులు చేస్తాయని ఆధునిక శాస్త్రం స్పష్టం చేసింది. ఒకటి టెస్టోస్టిరాన్‌ను రక్తంలోకి విడుదల చేయడం, రెండవది శుక్రకణాలను ఉత్పత్తి చేయడం. రెండింటినీ మెదడు అడుగున ఉన్న పీయూషగ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ల ద్వారా నడిపిస్తుంది. బయటినుంచి టెస్టోస్టిరాన్ అందితే మెదడు అది చాలినంత ఉందని గ్రహించి ఈ రెండు ఆజ్ఞలనూ తగ్గిస్తుంది. రక్తంలో టెస్టోస్టిరాన్ పెరిగినా, శుక్రకణాల తయారీకి అవసరమైన వృషణాంతర్గత టెస్టోస్టిరాన్ పడిపోతుంది. ఈ ప్రభావం ఎంత బలమైనదంటే, ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని పురుష గర్భనిరోధక పద్ధతిగా పరీక్షించింది. 1990లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున సూది తీసుకున్న 271 మందిలో 157 మంది శుక్రకణాలు పూర్తిగా కనిపించని స్థితికి చేరి తరువాతి దశలో ప్రవేశించారు. మందు ఆపిన తరువాత చాలామందిలో ఉత్పత్తి తిరిగి మొదలవుతుంది. కానీ దానికి నెలలు, కొందరిలో ఏడాదికి పైగా పట్టవచ్చు.

సంతానశక్తిని కాపాడే మార్గాలు

చికిత్సకు ముందు నిర్ధారణ అవసరం. లక్షణాలతో పాటు వేర్వేరు రోజుల్లో ఉదయం చేసిన రెండు రక్తపరీక్షలలోనూ టెస్టోస్టిరాన్ తక్కువగా ఉంటేనే లోపంగా పరిగణిస్తారు. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షలు లోపం వృషణాలలో ఉందా, మెదడు ఆజ్ఞలలో ఉందా అన్నది తెలుపుతాయి. సంతానం కోరేవారికి వీర్యపరీక్ష కూడా అవసరం. స్థూలకాయం, నిద్రలేమి, కొన్ని మందులు కారణమైతే వాటిని సరిదిద్దడమే మొదటి చికిత్స.

మందు అవసరమైనప్పుడు సూత్రం ఒక్కటే: బయటినుంచి టెస్టోస్టిరాన్ ఇవ్వకుండా దేహమే దానిని తయారుచేసేలా ప్రేరేపించడం. 1967లో అమెరికాలో స్త్రీల అండవిడుదల కోసం ఆమోదం పొందిన క్లోమిఫీన్‌ను వైద్యులు తమ విచక్షణ మేరకు పురుషులకూ వాడుతున్నారు. అది పీయూషగ్రంథి ఆజ్ఞలను పెంచుతుంది. గర్భిణుల మూత్రంలో కనుగొనబడిన హెచ్‌సీజీ అనే హార్మోన్ ఎల్‌హెచ్ పనిని తానే చేస్తుంది. అవసరమైతే దానికి ఎఫ్‌ఎస్‌హెచ్ జోడిస్తారు. పీయూషగ్రంథి ఆజ్ఞలు లోపించినవారికి ఈ సూదులు ముఖ్యమైనవి. వృషణాలే దెబ్బతిన్నప్పుడు వీటి ప్రయోజనం పరిమితం. టెస్టోస్టిరాన్ తప్పనిసరి అయితే ముందుగా శుక్రకణాలను ఘనీభవింపజేసి భద్రపరచుకోవచ్చు. శుక్రకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కనుక ఏ చికిత్స ఫలితానికైనా ఓర్పు అవసరం.

ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. ఇతిహాస కథలు, చరకసంహిత శౌర్యాన్నీ సామర్థ్యాన్నీ సంతానశక్తినీ వేరుగా చూడగలిగాయి. వాటిని కలిపివేసినవి వాడుక, ప్రకటనలు.

2. స్త్రీకి మాత్రమే సంతానహీనతావాచకం ఉండటం భాషాలోపమే కాక సామాజిక అన్యాయం కూడా. సంతానహీన దంపతులలో దాదాపు సగం సందర్భాలలో పురుషకారణం పూర్తిగానో పాక్షికంగానో ఉంటుంది.

3. 'మొగతనం' అన్న ఒక్క మాట స్థానంలో మూడు నిందారహితమైన మాటలు కావాలి. చరకుని బీజోపఘాతం ఆధారంగా శుక్రకణాల లోపాన్ని 'బీజలోపం' అనీ, టెస్టోస్టిరాన్ తక్కువగా ఉండటాన్ని 'పురుష హార్మోన్ లోపం' అనీ, మూడవదాన్ని 'లైంగిక అసమర్థత' అనీ వ్యవహరించవచ్చు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పరిభాషను రూపొందించే పనిని పాఠ్యపుస్తకాల వరకు తీసుకువచ్చింది. దానిని ఆసుపత్రి గది వరకు తీసుకువెళ్ళవలసిన బాధ్యత తెలుగు పరిశోధకులకూ ఉంది. 'నీకున్నది బీజలోపం, అది మొగతనం లేకపోవడం కాదు' అని వైద్యుడు తెలుగులో చెప్పగలిగిన రోజున, శివ్వంపేట యువకుడు ఏ సూది వేసుకోకూడదో కూడా తెలుసుకోగలుగుతాడు.