రుతుపవనాల అంచనా: చారిత్రక పరిణామం

మన దేశంలో వానలను ముందుగా అంచనా వేసే ప్రయత్నం కరువుల నుంచి పుట్టింది. 1876-78 మహాక్షామంలో దక్షిణ భారతదేశంలో లక్షలాది మంది మరణించారు. రాయలసీమ ప్రజలు దీన్ని ధాత కరువు అన్నారు. అంతకు కొద్దికాలం ముందే, 1875లో, భారత వాతావరణ శాఖ ఏర్పడింది. రాబోయే వానల సంగతి ముందుగా తెలపమని ప్రభుత్వం ఆ శాఖ అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్‌ను కోరింది.

హిమాలయాలపై మంచు ఎక్కువగా కురిసిన ఏడాది నైరుతి రుతుపవనాలు బలహీనపడే అవకాశం ఉందని బ్లాన్‌ఫోర్డ్ గుర్తించాడు. ఈ ఆధారంతో 1886లో క్రమబద్ధమైన అంచనాలు మొదలయ్యాయి. ఆయన తరువాత వచ్చిన జాన్ ఇలియట్ మరికొన్ని అంశాలను జోడించాడు. అయినా 1899లో అంచనా తప్పింది. వానలు లేక దేశం మరో ఘోర క్షామాన్ని చూసింది.

1904లో వాతావరణ శాఖ బాధ్యతలు చేపట్టిన గిల్బర్ట్ వాకర్ గణితశాస్త్రజ్ఞుడు. ఆయన ప్రపంచంలోని అనేక కేంద్రాల వాతావరణ పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం లెక్కలను పోల్చి చూశాడు. పసిఫిక్ మహాసముద్రంపై పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రంపై తగ్గడం, అది తగ్గినప్పుడు ఇది పెరగడం గమనించాడు. దీనికి ‘దక్షిణ డోలనం’ అని పేరు పెట్టాడు. దేశమంతటికీ ఒకే అంచనా చాలదని గ్రహించి ద్వీపకల్పానికి, వాయవ్య భారతానికి వేర్వేరు అంచనాలు రూపొందించాడు.

వాకర్ సంబంధాన్ని కనుగొన్నాడు గాని దాని కారణాన్ని వివరించలేకపోయాడు. పసిఫిక్ జలాలు వేడెక్కే ఎల్‌నినోకు, దక్షిణ డోలనానికి ఉన్న ముడిని 1969లో జాకబ్ బియర్క్‌నెస్ వివరించాడు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించాలి. గతంలో కనిపించిన సంబంధం ఎల్లకాలం నిలవదు. 1997లో చాలా బలమైన ఎల్‌నినో వచ్చినా మన దేశంలో వర్షపాతం సాధారణంగానే ఉంది. 2002లో సాధారణ వర్షపాతం ఉంటుందని 16 అంశాల గణాంక నమూనా సూచించింది. వాస్తవంలో 19 శాతం లోటు ఏర్పడింది. మరుసటి ఏడాది ఆ నమూనాను మార్చవలసి వచ్చింది.

నేడు గణాంకాలతో పాటు, సముద్రం, వాతావరణం పరస్పరం ఎలా ప్రభావితం చేసుకుంటాయో కంప్యూటర్లపై లెక్కగట్టే నమూనాలను కూడా వాడుతున్నారు. భూగోళం వేడెక్కుతున్నకొద్దీ పాత లెక్కలపై మాత్రమే ఆధారపడటం మరింత ప్రమాదకరం. పైగా దేశ సగటు బాగున్నంత మాత్రాన ప్రతి జిల్లాలోనూ వాన పడినట్లు కాదు. అంచనా తప్పితే శాస్త్రజ్ఞుడు నమూనాను సరిదిద్దుకోగలడు. ఆ అంచనాను నమ్మి విత్తనం వేసిన మెట్టరైతుకు మాత్రం ఆ ఏడాది పంట తిరిగి రాదు. అందువల్ల ప్రాంతీయ స్థాయి అవగాహన ఎంత పెరిగితే అంచనాకు అంత విలువ ఉంటుంది.