షాఫ్ట్ పాట, ఐజక్ హేస్, రెండు రకాల కాగితాలు



ఈసారి మన పోరాటాల గురించి కాదు, అమెరికాలోని ఒక నల్లజాతి సంగీతకారుడి గురించి రాస్తున్నా. పోస్టు కొంచెం పొడవే. చివరిదాకా చదవండి.

ఐజక్ హేస్ 1942లో టెన్నెసీ రాష్ట్రం కోవింగ్టన్‌లో పుట్టాడు. తల్లి చిన్నప్పుడే చనిపోయింది, తండ్రి వదిలేసి వెళ్లాడు. అమ్మమ్మ, తాతయ్య పెంచారు. వాళ్లు పంటలో వాటాకి వేరేవాళ్ల భూమి చేసేవాళ్లు. పిల్లోడు కూడా పత్తి ఏరాడు. తర్వాత మెంఫిస్ నగరం చేరారు. చదువు మధ్యలో ఆగిపోతే మళ్లీ బడికెళ్లి, 21 ఏళ్లకి హైస్కూల్ పూర్తి చేశాడు. మాంసం ఫ్యాక్టరీలో కూలి పని కూడా చేశాడు.

మెంఫిస్‌లోనే స్టాక్స్ అనే రికార్డుల కంపెనీ ఉండేది. అక్కడ వాయిద్యకారుడిగా చేరి, డేవిడ్ పోర్టర్‌తో కలిసి పాటలు కట్టాడు. వాటిలో 'సోల్ మ్యాన్' ఒకటి. 1967లో డెట్రాయిట్ అల్లర్లప్పుడు నల్లవాళ్ల దుకాణాల మీద 'సోల్' అని రాసి ఉంటే వాటి జోలికి పోలేదట. ఆ వార్త నుంచే ఆ పాట పుట్టింది. అంటే సోల్ అనేది సంగీతం పేరు ఒక్కటే కాదు, 'ఇది మనోళ్లది' అని చెప్పే గుర్తు కూడా. మరుసటి ఏడాదే మార్టిన్ లూథర్ కింగ్‌ని అదే మెంఫిస్‌లో కాల్చి చంపారు. ఆ దెబ్బకి ఏడాది దాకా పాట రాయలేకపోయానని హేస్ తర్వాత చెప్పాడు.

1971లో 'షాఫ్ట్' సినిమా వచ్చింది. హీరో నల్లజాతి ప్రైవేట్ డిటెక్టివ్, డైరెక్టర్ గోర్డన్ పార్క్స్ కూడా నల్లజాతి మనిషే. సంగీతం హేస్‌కి ఇచ్చారు. మొదటి సీన్లో హీరో సబ్‌వే మెట్లెక్కి న్యూయార్క్ వీధిలోకి వచ్చి, బండ్ల మధ్య నుంచి దర్జాగా నడిచిపోతాడు. హేస్ ఆ నడకకి తగ్గట్టు పాట కట్టాడు. ముందు డ్రమ్స్ తాళాల చప్పుడు, తర్వాత చార్లెస్ పిట్స్ వా-వా గిటార్. రెండున్నర నిమిషాలు దాటాక గానీ గొంతు వినిపించదు.

సినిమా కోసం చేసిన సంగీతాన్ని స్టాక్స్‌లో మళ్లీ రికార్డు చేసి రెండు ఎల్పీల ఆల్బమ్‌గా తెచ్చారు. అందులో గొంతు ఉన్న పాటలు మూడే. ఒకటి మన హీరో పాట, ఇంకొకటి పేద నల్లవాడల బతుకు గురించిన 'సోల్స్‌విల్'. ఆల్బమ్, హీరో పాట రెండూ అమెరికా అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి వెళ్లాయి.

1972 ఏప్రిల్‌లో ఆ పాటకి ఆస్కార్ వచ్చింది. ఉత్తమ పాట ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి మనిషి హేస్. ఆ రోజు తనని పెంచిన అమ్మమ్మని వెంట తీసుకెళ్లాడు, వేదిక మీద ఆమెకి కృతజ్ఞత చెప్పాడు.

ఇక్కడితో ఆపితే గెలుపు కథ. కానీ ఆగలేదు. కొన్నేళ్లకే స్టాక్స్ దివాళా దారి పట్టింది, అతనికి రావాల్సిన డబ్బు ఇవ్వలేకపోయింది. 1976లో 60 లక్షల డాలర్లకి పైగా అప్పుతో హేస్ కూడా దివాళా తీశాడు. ఇల్లు పోయింది. తన పాటల మీద ముందు ముందు వచ్చే రాయల్టీల హక్కు కూడా పోయింది. పాట మోగుతూనే ఉంది, డబ్బులు వేరేవాళ్లకి.

హేస్‌కి స్వరాలు కాగితం మీద రాయడం రాదు. ఆ లోటుకి పక్కవాళ్ల సాయం దొరికింది, ఆస్కార్ కూడా ఆగలేదు. అతన్ని ముంచింది అప్పుల, ఒప్పందాల కాగితాలు. అది చదువుతుంటే వేలిముద్రలతో పోయిన మన తాతల భూములు గుర్తొచ్చాయి నాకు.

అందుకే ఒక మాట. మన గూడెం పాట, మన డప్పు రికార్డు చేస్తామని ఎవరైనా కాగితం పట్టుకుని వస్తే, ముందు మనం పూర్తిగా చదవాలి. పాడే ముసలమ్మకి మన భాషలో చదివి వినిపించాలి. సంతకం సంగతి ఆ తర్వాత.

జోహార్.