చాటలోని కార్ఖానా

నిజామాబాద్ జిల్లా కార్మికుల చరిత్ర అనగానే అందరి చూపూ ముందు బోధన్ మీదికే పోతుంది. పోవాల్సిందే. మంజీరా మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. ఆ కాలువల కింద చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీని స్థాపించారు, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ నోటీసు పడింది. గేటు ఉంది, హాజరుపట్టీ ఉంది, పుట్టిన ఏడాదీ మూతపడిన నెలా ఉన్నాయి. చరిత్ర రాసేవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి?

అదే జిల్లాలో ఇంకో పరిశ్రమ ఉంది. దానికి గేటు లేదు. నిజామాబాద్ గల్లీల్లో, ఆర్మూర్ ఊళ్ళల్లో, 2016 దాకా ఈ జిల్లాలోనే ఉన్న కామారెడ్డి వైపు, ఆఖరికి బోధన్‌లో కూడా అది ఇంటి అరుగు మీద, ఆడవాళ్ళ ఒళ్ళో ఉన్న చాటలో నడుస్తుంది. తునికాకు నానబెట్టి, రేకు పెట్టి కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టడం. కూలీ లెక్క వెయ్యి బీడీలకు. ఒకప్పుడు మా వైపు పెళ్ళిచూపుల్లో "పిల్లకు బీడీలు చేసుడు వస్తదా?" అని అడిగేవాళ్ళు. మగవాళ్ళు గల్ఫ్‌కు పోయిన ఇళ్ళల్లో, వానలు పడని ఏళ్ళల్లో, పొయ్యి వెలిగించింది ఈ చాటే.

నేను అడగదలచుకున్న ప్రశ్న ఒకటే. పనిచోట ముట్టుకున్న, పీల్చిన రసాయనాలు మనిషి డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి అంటున్నాం కదా, మరి ఆ పనిచోటు సొంత ఇల్లే అయినప్పుడు ఆ దెబ్బ ఎవరి ఖాతాలో పడుతుంది?

పనికీ జబ్బుకీ సంబంధం ఉందని వైద్యులు పట్టుకున్న తీరు చూస్తే ఈ ప్రశ్న ఎందుకో అర్థమవుతుంది. 1775లో లండన్‌లో పెర్సివల్ పాట్ అనే సర్జన్, పొగగొట్టాలు ఊడ్చే కుర్రాళ్ళకు పెద్దయ్యాక వృషణాల తిత్తికి వచ్చే కేన్సర్ మసి వల్లేనని రాశాడు. 1895లో జర్మనీలో లుడ్విగ్ రేన్, రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో మూత్రాశయ కేన్సర్లను గుర్తించాడు. అప్పటికి డీఎన్‌ఏ చేసే పని ఏమిటో ఎవరికీ తెలియదు. వాళ్ళకు దొరికిన ఆధారం ఒకటే: ఒకే పని చేసేవాళ్ళు, ఒకే రకం జబ్బుతో రావడం. రసాయనం జన్యువులను మార్చగలదని రుజువు కావడానికి 1940లు రావాల్సి వచ్చింది. ఎడిన్‌బరోలో షార్లెట్ అవర్‌బాక్, జె.ఎం. రాబ్సన్ కలిసి మస్టర్డ్ గ్యాస్‌తో ఈగల మీద చేసిన ప్రయోగాలు ఆ పని చేశాయి.

తంబాకు కథ కూడా ఇదే దారిలో వస్తుంది. ఆకును ఆరబెట్టి మాగబెట్టే దశలోనే అందులో నైట్రోసమైన్లు పుడతాయి. అంటే వాటికి అగ్గిపుల్ల అక్కర్లేదు. బీడీ ముట్టించని మనిషికి కూడా అవి ధూళిలో అందుతాయి. నికోటిన్ చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. నైట్రోసమైన్లలో రెండింటిని, ఎన్‌ఎన్‌కే, ఎన్‌ఎన్‌ఎన్ అనే వాటిని, అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు కేన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది. ఒంట్లోకి చేరాక శరీరం వాటిని బయటికి పంపే ప్రయత్నంలో మారుస్తుంది. ఆ మారిన ముక్కలు పోయి డీఎన్‌ఏకు అతుక్కుంటాయి. కణం చాలాసార్లు ఆ అతుకును కత్తిరించి బాగుచేసుకుంటుంది. బాగుచేసుకునేలోపే కణం రెండుగా చీలితే తప్పు అచ్చు స్థిరపడుతుంది.

దీన్ని చూసే పద్ధతులు ఉన్నాయి. రక్తకణాన్ని జెల్‌లో పెట్టి కరెంటు పంపితే తెగిన డీఎన్‌ఏ తోకచుక్క తోకలా సాగుతుంది. అందుకే దానికి కామెట్ పరీక్ష అని పేరు. బుగ్గ లోపలి పొరను మెల్లగా గీకి తీసిన కణాల్లో, అసలు కేంద్రకం పక్కన బుల్లి కేంద్రకం కనిపిస్తే, కణం చీలేటప్పుడు క్రోమోజోమ్ ముక్క వెనకబడిపోయిందని అర్థం. సూది కూడా అక్కర్లేదు.

ఈ పని మన దగ్గరా జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2003లో తంబాకు ధూళిలో పనిచేసే కార్మికుల క్రోమోజోముల మీద అధ్యయనం ప్రచురించారు. అంతకుముందు 1995లో ముంబై కేన్సర్ పరిశోధకులు బీడీ తంబాకును శుద్ధి చేసే కార్మికుల్లో క్రోమోజోమ్ దెబ్బలు ఎక్కువని చూపించారు. హైదరాబాద్‌లోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు 2003లోనే పురుగుమందులు తయారుచేసే కార్మికుల మీద కామెట్ పరీక్ష చేశారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఈ పరీక్షలు ఫలానా లక్ష్మికి ఫలానా జబ్బు వస్తుందని చెప్పవు. ఈ పని చేసే గుంపులో, చేయని గుంపుకన్నా దెబ్బలు ఎక్కువున్నాయా అని మాత్రమే చెప్తాయి. అదీ వయసు, తంబాకు నమిలే అలవాటు లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక. రక్తంలోనో బుగ్గలోనో కనిపించిన దెబ్బ పిల్లలకు సంక్రమించేదీ కాదు. ఇంకో సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది: బుగ్గ కణాలు కొన్ని వారాల్లోనే రాలిపోతాయి. ఒళ్ళు అన్నీ గుర్తుపెట్టుకుంటుందని మనం కవిత్వంలో అంటుంటాం. పెట్టుకోదు. ముప్ఫై ఏళ్ళు చాట ముందు కూర్చున్న మనిషి పని మానేసిన ఏడాదికి బుగ్గలో సాక్ష్యం దొరకదు. కాబట్టి కాగితం కావాలి: ఎవరు, ఎవరి కోసం, ఎన్నేళ్ళు, ఏం ముట్టుకున్నారు అని.

బీడీ పరిశ్రమ చరిత్ర ఆ కాగితం చేతికందకుండా చేసిన చరిత్ర. 1948 ఫ్యాక్టరీల చట్టం, కరెంటు లేని చోట ఇరవైమంది పనిచేస్తేనే ఫ్యాక్టరీ అంది. యజమానులు షెడ్లను చిన్న ముక్కలు చేశారు, మధ్యలో కాంట్రాక్టర్లను పెట్టారు, ఆకూ తంబాకూ ఇళ్ళకు పంచేశారు. దీన్ని అరికట్టడానికే 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది. ఇంట్లో చుట్టేవాళ్ళను కూడా అది ఉద్యోగులుగానే చూసింది. కానీ గాలి, వెలుతురు, శుభ్రత గురించిన నిబంధనలు 'పారిశ్రామిక ఆవరణ'కు వర్తించేవి. ఆ మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలో సొంత నివాసాన్ని మినహాయించారు. కూలీ హక్కు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ధూళి గురించిన పట్టింపు గుమ్మం బయటే ఆగిపోయింది.

బోధన్‌తో పోలిస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు పిప్పి బూజుపట్టి లేచే ధూళితో ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు పేరు బగాసోసిస్. 1923 నాటి కార్మిక పరిహార చట్టం మూడో షెడ్యూల్లో దానికి చోటుండేది. తంబాకు ధూళి పేరు మీద ఒక్క జబ్బు ఆ జాబితాలో ఉండేది కాదు. అది పీల్చేవాళ్ళు లేకనా?

అయినా ఒక కాగితం మాత్రం సాధించుకున్నారు. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో, ఇంట్లో బీడీలు చుట్టేవాళ్ళకూ ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లో చేసే పని మీద యజమాని అజమాయిషీ ఎక్కడుంది అనేది అక్కడ వాదన. బాగాలేని బీడీలను తిప్పికొట్టే హక్కే అజమాయిషీ అంది కోర్టు. సాయంత్రం కార్ఖానాలో "ఇవి మంచిగ లేవు" అని పక్కకు పడేస్తే ఆడవాళ్ళు ఎంత కుమిలిపోతారో చూసినవాళ్ళకు ఈ తీర్పులోని విచిత్రం తెలుస్తుంది. అన్నిటికన్నా బాధపెట్టే ఆ పనే, ఆమె ఆ కంపెనీ మనిషని నిరూపించింది. తెలంగాణలో బీడీ కార్మికుల పింఛను అడిగితే కూడా ముందు చూసేది ఆ పీఎఫ్ నంబరే.

ఇంత చెప్పాక సహజంగా వచ్చే మాట: అంత ప్రమాదమైతే మానేయొచ్చు కదా? 2016లో బీడీ కట్టల మీద బొమ్మల హెచ్చరిక 85 శాతం ఉండాలన్నప్పుడు కంపెనీలు ఉత్పత్తి ఆపేశాయి. పని పోయింది ఈ ఆడవాళ్ళకు. రోడ్డెక్కిందీ వాళ్ళే. ప్రమాదాన్ని తీసేయకుండా మనిషిని తీసేయడం కొత్త సంగతేం కాదు. అమెరికాలో ఒక బ్యాటరీ కంపెనీ, సీసం వల్ల గర్భానికి హాని అంటూ పిల్లలు పుట్టే అవకాశమున్న ఆడవాళ్ళందర్నీ ఆ పనులకు రానివ్వలేదు. అది వివక్ష అని అక్కడి సుప్రీంకోర్టు 1991లో కొట్టేసింది. డీఎన్‌ఏ పరీక్షలు మన దగ్గరికి వచ్చినా ఇదే భయం ఉంటుంది. ఫలితం కంపెనీ చేతిలో పడితే అది పనిలోంచి తీసేసే సాకు. కార్మికురాలి చేతిలో ఉంటే పరిహారం అడిగే సాక్ష్యం.

అందుకే నా దృష్టిలో ఇది ప్రయోగశాలతో తీరే సమస్య కాదు. పరీక్ష తేలికే. ఆడవాళ్ళు బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు ఎలాగూ వస్తారు. ఎన్ని వేలు చేశారో అక్కడ రాసుకుంటూనే ఉన్నారు. ఆ పీఎఫ్ నంబరు పక్కనే ఆమె ఆరోగ్యం లెక్క కూడా ఏటేటా రాయమని, ఒక ప్రతి ఆమెకే ఇవ్వమని, తంబాకు ధూళి జబ్బును పరిహారం ఇచ్చే జబ్బుల జాబితాలో చేర్చమని అడగొచ్చు. బోధన్ కార్మికులకు గేటు మూసినా, 'మేం ఇక్కడ పనిచేశాం' అని చూపించుకోవడానికి ఒక చోటు మిగిలింది. బీడీలు చేసిన ఆమెకు చాట పక్కన పెట్టిన రోజు నుంచి మిగిలేది ఆ నంబరొక్కటే.