కారుణ్య మరణం: కేన్సర్ వైద్యుల వైఖరి, గుంటూరు–ప్రకాశం నేపథ్యం

నయం కాని దశకు చేరిన కేన్సర్ రోగి తనకు త్వరగా మరణం వచ్చేలా చూడమని వైద్యుణ్ణి కోరడం చాలా పాత సమస్య. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1997 నుంచి, నెదర్లాండ్స్, బెల్జియంలలో 2002 నుంచి అందుకు చట్టం అనుమతిస్తోంది. భారతదేశంలో చావుకు సాయపడటం నేరమే. అయితే చట్టం కాదన్నంత మాత్రాన రోగులు అడగడం మానరు. ఆ కోరికకు అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చే ముందు, అది ఎందుకు పుట్టిందో కనుక్కోవడమే కేన్సర్ వైద్యుడి తొలి బాధ్యత. గడిచిన నాలుగు దశాబ్దాల అనుభవం ఇదే చెబుతోంది.

తెలుగునాట ఈ చర్చ కోర్టుల్లోనే ఎక్కువగా నడిచింది. జీవించే హక్కులో చనిపోయే హక్కు లేదని చెన్నా జగదీశ్వర్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1987లో తేల్చింది. 1994లో సుప్రీంకోర్టు ఇందుకు భిన్నంగా చెప్పినా, 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పాత వైఖరినే నిలబెట్టింది. కండరాల క్షీణత వ్యాధితో వెంటిలేటర్‌పై ఉన్న హైదరాబాద్ చదరంగం క్రీడాకారుడు కె. వెంకటేశ్, అవయవదానానికి వీలుగా తనను పోనివ్వాలని 2004 డిసెంబరులో కోరాడు. హైకోర్టు ఒప్పుకోలేదు, ఆ నెలలోనే అతను మరణించాడు. 2011లో అరుణా షాన్‌బాగ్ కేసులో, 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పులు వచ్చాక, కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపడానికీ, ఏ చికిత్స వద్దో ముందే చెప్పే వీలునామా రాసుకోవడానికీ దారి ఏర్పడింది. ఆ వీలునామాకు మేజిస్ట్రేట్ సంతకం అక్కర్లేదని, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు సడలింపు ఇచ్చింది.

వైద్యుల అభిప్రాయాలపై గట్టి ఆధారం అమెరికా నుంచి ఉంది. అక్కడ 3,299 మంది కేన్సర్ వైద్యులు పాల్గొన్న సర్వే 2000లో అచ్చయింది. వారిలో 62.9 శాతం మందికి వృత్తి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి అభ్యర్థన ఎదురైంది. తగ్గని నొప్పితో ఉన్న రోగి విషయంలో కూడా, ఆత్మహత్యకు వైద్య సాయాన్ని సమర్థించినవారు 22.5 శాతమే. వైద్యుడే ప్రాణం తీయడాన్ని సమర్థించినవారు 6.5 శాతం. మరణశయ్యపై ఉన్న రోగికి కావలసిన సేవలన్నీ సమకూర్చగలిగిన వైద్యులు ప్రాణం తీసే పనికి పూనుకోవడం తక్కువని కూడా ఆ సర్వేలో తేలింది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ విషయానికి మరో పార్శ్వం ఉంది. 1987–88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు అప్పులపాలైన రైతులు ఇక్కడ ప్రాణాలు తీసుకున్నారు. పత్తి, మిర్చి పండించే ఇళ్లలో పురుగుమందు చేతికందే దూరంలోనే ఉంటుంది. కనుక ఇక్కడ రోగి నోట చావు మాట వస్తే, అది నొప్పి వల్లనా, దిగులు వల్లనా, ఇంటిల్లిపాదికీ భారమయ్యానన్న బాధ వల్లనా అని వైద్యుడు విడివిడిగా అడిగి తెలుసుకోవాలి. ఆరోగ్యశ్రీ పేరుతో 2007లో మొదలైన ప్రభుత్వ పథకం ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఖర్చులు భరిస్తోంది. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన కేన్సర్ విభాగం ఉంది. కానీ చికిత్స ముగిసి ఇంటికి చేరిన రోగికి కావలసింది నొప్పి నివారణ. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ సరఫరా ఏళ్ల తరబడి కుంటుపడింది. 2014 సవరణ లైసెన్సు చిక్కులు తగ్గించినా, ఆ మందు వాడటం నేర్చిన వైద్యులు పల్లెలకు దగ్గరలో ఉంటేనే ప్రయోజనం.

ముందు నొప్పి తగ్గించాలన్న ఈ వాదనపై రెండు అభ్యంతరాలున్నాయి. మార్ఫిన్ ప్రాణాన్ని త్వరగా తీస్తుందన్నది ఒకటి. తగిన మోతాదులో, నొప్పిని బట్టి పెంచుతూ ఇస్తే ఆ భయానికి ఆధారం లేదు. రెండోది బలమైనది: మంచి సంరక్షణ అందినా కొందరు మరణాన్నే కోరుకుంటారు. ఒరెగాన్‌లో నొప్పి కంటే స్వతంత్రత పోవడమే ముఖ్య కారణంగా నమోదవుతోంది. ఇది నిజమే. అలాంటి రోగి చికిత్స వద్దంటే వైద్యుడు ఆ మాటను మన్నించాలి, వీలునామాను అమలు చేయాలి. కానీ మందుకూ మనిషి తోడుకూ కరువున్నచోట చావును ఎంచుకోవడం స్వేచ్ఛ అనిపించుకోదు. ఇంటి దగ్గర ఉపశమన సేవ అందరికీ అందాకే ప్రాణం తీసే చట్టం గురించి చర్చించడం న్యాయం.